ట్రెయిల్ నవల వెంట రైస్ లేక్ ఒడ్డుకు

1832లో ఇంగ్లండు నుండి అప్పటి అప్పర్ కెనడాకు (నేటి ఒంటారియోకు) వలస వచ్చిన కేథరీన్ పార్ ట్రెయిల్ పేరు మన పాఠకుల్లో చాలామంది విని ఉండరు. దారి తప్పిన ముగ్గురు పిల్లలు రైస్ లేక్ పరిసరాల అడవిలో ఏళ్ల తరబడి ఎలా బతికారో చెప్పే ‘కెనేడియన్ క్రూసోస్’ నవలను ఆమె 1852లో వెలువరించారు. ఆ కథాస్థలం టొరంటోకు తూర్పున, కారులో వెళితే వారాంతంలో చూసి రాగల దూరంలోనే ఉంది.

ఆమె 1899లో, 97 ఏళ్ల వయసులో కన్నుమూసిన లేక్‌ఫీల్డ్‌కే ముందుగా వెళ్లాము. అక్కడ 1853 నాటి చిన్న రాతి చర్చిని ఇప్పుడు మ్యూజియంగా నడుపుతున్నారు. చూడవలసినదే గాని అరగంటకు మించి పట్టదు; తెరిచే వేళలు ముందే కనుక్కోవడం మంచిది.

నా మట్టుకు ఈ యాత్రకు ఫలం దక్కింది రైస్ లేక్ సరస్సుకు దక్షిణాన ఉన్న ఆల్డర్‌విల్ బ్లాక్ ఓక్ సవానాలోనే. ఎడమెడంగా నల్ల ఓక్ చెట్లు, వాటి మధ్య నడుము దాటిన గడ్డి, కొన్ని మొదళ్ల బెరడు మీద మసి: నవలలోని మైదానం ఇదేనని చెప్పకుండానే తెలుస్తుంది. చెట్లు కమ్ముకోకుండా ఇక్కడ అదుపులో ఉంచిన మంటలతో గడ్డిని కాలుస్తారు. ఆ పని చూసేది ఆల్డర్‌విల్ ఫస్ట్ నేషన్ అనే ఆదివాసీ సమాజం వారు. అంటే, ట్రెయిల్ వలసదారు కళ్లతో చూసి, మతం మార్చి మచ్చిక చేయవలసినవారిగా చిత్రించిన ఆదివాసులే ఆమె వర్ణించిన నేలను నేటికీ కాపాడుతున్నారు. నవల చదివి వెళ్లినవారికి ఈ సంగతి గట్టిగా తగులుతుంది. గడ్డిలో పిడుదులుంటాయి గనుక నిండు ప్యాంటు, మేజోళ్లు తప్పనిసరి.

దగ్గరలోనే ఉండిన ఆమె ఇల్లు ‘ఓక్‌లాండ్స్’ 1857లోనే కాలిపోయింది కాబట్టి దాని కోసం వెతకనక్కరలేదు. గోర్స్ ల్యాండింగ్ నుండి సరస్సు మాత్రం బాగా కనిపిస్తుంది.

బసకు పీటర్‌బరో పట్టణమే మేలు. సరస్సు ఒడ్డున మేము విచారించిన కాటేజీలవారు వేసవిలో ఒక్క రాత్రికైతే ఇవ్వబోమన్నారు. ఒకచోట ముందుగా చెప్పని శుభ్రపరిచే రుసుమును చివర్లో బిల్లుకు కలిపారు. పట్టణంలో శాకాహార భోజనం సులువుగానే దొరుకుతుంది, సరస్సు వైపు ఊళ్లలో దొరకడం కష్టం. పులిహోర కట్టుకుని వెళ్లడం ఉత్తమం. ఓషావా నుండి పీటర్‌బరోకు ‘గో’ (GO) సంస్థ బస్సు ఉన్నా, సవానాకు సొంత వాహనం లేనిదే వెళ్లలేరు.