గెంటింగా, సెంటోసానా? పిల్లలతో వెళ్తే ఏది మేలు?

సింగపూర్-మలేషియా టూర్‌లో ఒక్కదానికే రోజు మిగిలితే ఎటు వెళ్లాలన్నది తేలదు. రెండుచోట్లా ఉన్న రిసార్టులు గెంటింగ్ గ్రూపువే. మలేషియా కొండమీద కాసినో 1971 నుంచి ఉంది, సింగపూర్‌లోని సెంటోసా దీవిలో రిసార్ట్స్ వరల్డ్ సెంటోసా 2010లో తెరిచారు. కాసినో, థీమ్ పార్కు, హోటళ్లు రెండుచోట్లా ఒకే ఆవరణలో ఉంటాయి.

గెంటింగ్ హైలాండ్స్ దాదాపు 6,000 అడుగుల ఎత్తున ఉంటుంది. కౌలాలంపూర్ నుంచి గంట ప్రయాణం. ఘాట్ మలుపుల్లో వాంతులయ్యే పిల్లలుంటే కింద అవానా స్టేషన్‌లో దిగి స్కైవే కేబుల్ కారెక్కండి, పది నిమిషాల్లో పైకి చేరుస్తుంది. మెరుపులొస్తే దాన్ని ఆపేస్తారు, అప్పుడిక రోడ్డే గతి. పైన మధ్యాహ్నం కూడా స్వెట్టర్ కావాలి. పొగమంచు, వాన ఎక్కువైతే ఆరుబయట ఉన్న స్కైవరల్డ్స్ థీమ్ పార్కులో రైడ్లు ఆగుతాయి. అందుకే టికెట్టు కొనేముందు ఆకాశం చూడండి. వాన పడుతుంటే భవనం లోపలే రైడ్లుండే స్కైట్రోపోలిస్ ఉంది, చిన్నపిల్లలకు అదే చాలు. ఫస్ట్ వరల్డ్ హోటల్‌లో 7,351 గదులు. గదుల సంఖ్యలో గిన్నిస్ రికార్డు దానిదే. సెలవురోజుల్లో చెక్-ఇన్ దగ్గరా జనం ఆ లెక్కనే ఉంటారు.

సెంటోసాలో ఎండ, ఉక్కపోత. చలికి వణకక్కర్లేదు గానీ నడక ఎక్కువ. వివోసిటీ మాల్ నుంచి మోనోరైలుకు మనిషికి 4 సింగపూర్ డాలర్లు, బోర్డ్‌వాక్ మీద నడిచి వెళ్తే ఉచితం. యూనివర్సల్ స్టూడియోస్‌కు రోజంతా కావాలి, వాటర్ పార్కునూ అదే రోజు పెట్టుకుంటే రెండూ సగంసగమే అవుతాయి. వాన రోజైతే ఓషనేరియం (సముద్రజీవుల అక్వేరియం) మేలు. పిల్లల ఎత్తు ఇంట్లోనే కొలవండి: యూనివర్సల్‌లో పెద్ద జంట రోలర్ కోస్టర్లకు 125 సెంటీమీటర్లు, ఈజిప్టు చీకటి కోస్టర్‌కు 122 ఉండాలి. వరుసలో గంట నిలబడ్డాక అర సెంటీమీటరు తగ్గి వెనక్కి పంపితే పిల్లాణ్ని ఊరుకోబెట్టడం ఎవరి తరమూ కాదు.

ఇక కాసినో. రెండుచోట్లా 21 నిండాలి, పసిబిడ్డను చంకనెత్తుకున్నా రానివ్వరు. అమ్మానాన్నల్లో ఒకరు బయట ఉండాల్సిందే. సెంటోసాలో విదేశీయులకు ప్రవేశం ఉచితం, అసలు పాస్‌పోర్టు చూపాలి, ఫోటోకాపీ చెల్లదు. అక్కడ స్థిరపడి పీఆర్ (శాశ్వత నివాస హక్కు) తీసుకున్న మన బంధువులకు మాత్రం 24 గంటలకు 150 సింగపూర్ డాలర్లు. "మీతో పాటు చూసొస్తా" అని సరదాగా బయల్దేరే బావగారికి ఈ మాట ముందే చెప్పండి.

ఖర్చు గెంటింగ్‌లోనే తక్కువ. సింగపూర్ డాలరుకు మూడు మలేషియా రింగిట్ల పైమాటే. సింగపూర్ వీసా ఏజెంటు ద్వారా ముందే తీసుకోవాలి.

నా ఓటు: 122 సెంటీమీటర్లు దాటిన పిల్లలుంటే సెంటోసా. అంతకన్నా చిన్నవాళ్లు, లేదా ఎండకు తాళలేని పెద్దవాళ్లు వెంట ఉంటే గెంటింగ్, అదీ రాత్రి బస చేసి. మరి సింగపూర్‌లోనే ఉన్న మరో కాసినో హోటల్ మరీనా బే సాండ్స్? పైకప్పు మీది ఈతకొలను అక్కడ గది తీసుకున్నవాళ్లకే. రాత్రి ఉచితంగా జరిగే నీళ్ల-వెలుగుల ప్రదర్శన చూసి వచ్చేస్తే పిల్లలకు చాలు.