స్పీడోమీటర్ ఆగిపోతే ఈ బ్లూటూత్ స్కానర్ ఎంతవరకు పనికొస్తుంది? చాన్నాళ్లు వాడాక నా మాట

కొన్న వారానికే ఫైవ్ స్టార్లు కొట్టే రివ్యూ కాదండి ఇది, డాష్‌బోర్డు అరలో పడుండి మూడు కార్లకి పనిచేసిన సామాను గురించి. ఓబీడీ బ్లూటూత్ స్కానర్, అంటే కారు కంప్యూటర్లోని తప్పుల కోడ్లు చదివి ఫోన్‌కి పంపేది, లోపల ఆ పని చేసే ఈఎల్ఎం327 చిప్, అదీ క్లోనే (నకలు), ఈ రేటుకి ఒరిజినల్ ఎవడిస్తాడు. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్లో గుచ్చి ఫోన్లో టార్క్ యాప్ తెరవడమే.

మాది రాజోలు దగ్గర, చుట్టూ రొయ్యల చెరువులు, ఆపైన ఉప్పు గాలి. వానలు మొదలయ్యాక మా పాత హ్యాచ్‌బ్యాక్ స్పీడోమీటర్ ముల్లు కాసేపు లేచి కాసేపు సున్నా దగ్గర పడుకునేది, కిలోమీటర్లు తిరగడం కూడా ఆగిపోయేది. మెకానిక్ తమ్ముడు బోనెట్ ఎత్తకుండానే మీటర్ బోర్డు మొత్తం మార్చాలండి అనేశాడు. స్కానర్ పెడితే పీ0500 కోడ్, అంటే స్పీడ్ సెన్సార్ సిగ్నల్ సరిగ్గా రావట్లేదని. కోడ్ వచ్చింది కదాని వెంటనే సెన్సార్ కొనేయకండి, వైరు తెగినా అదే కోడ్, కనెక్టర్ లూజైనా అదే.

అసలు పనికొచ్చేది లైవ్ డేటా, అంటే కారు నడుస్తుండగా ఫోన్లో కనిపించే అంకెలు. టార్క్‌లో జీపీఎస్ స్పీడూ ఉంటుంది, ఓబీడీ స్పీడూ ఉంటుంది, రెండూ పక్కపక్కన పెట్టుకుని చించినాడ బ్రిడ్జి మీద పోతుంటే మా ఆవిడ ఫోన్ చూసి చెప్పింది, జీపీఎస్ 50, ఓబీడీ సున్నా. ఈసీయూకే (ఇంజన్ కంప్యూటర్‌కే) స్పీడ్ అందట్లేదన్నమాట, కాబట్టి ముందు సెన్సార్ వైపు చూడాలి. ఓబీడీలో స్పీడ్ బాగానే వచ్చి ముల్లు మాత్రం కదలకపోతే అప్పుడు మీటర్‌ని అనుమానించొచ్చు. కొన్ని కార్లలో సిగ్నల్ ముందు మీటర్‌కెళ్లి అక్కణ్ణుంచి ఈసీయూకి పోతుంది, వాటిలో ఓబీడీ సున్నా చూపినా తప్పు మీటర్‌ది కావచ్చు, అదొక్కటి చూసుకోండి. ఫ్యూయల్ గేజ్, ఆర్‌పీఎం కూడా చచ్చిపోతే మాత్రం స్కానర్ తియ్యకండి, ముందు ఫ్యూజ్ చూడండి.

ఇక్కడి నుంచి వోల్టేజ్ కొలిచే మల్టీమీటర్ పని. మా కారు సెన్సార్ గేర్‌బాక్స్ మీద, మూడు వైర్లు: సప్లై, ఎర్త్, సిగ్నల్. వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి ముందు చక్రం ఒకటి జాకీతో లేపి న్యూట్రల్‌లో ఇగ్నిషన్ ఆన్ చేసి చేత్తో తిప్పితే సిగ్నల్ వైర్లో వోల్టేజ్ పైకీ కిందకీ కొట్టుకోవాలి. మాకు కొట్టుకోలేదు, సప్లై కూడా వస్తూ పోతూ ఉంది. కనెక్టర్ ఊడదీస్తే పిన్నులన్నీ పచ్చగా చిలుం! క్లీనర్ స్ప్రే కొట్టి బ్రష్ వేసి బిగించాం, అంతే, ముల్లు లేచింది, సెన్సార్ కూడా పాతదే.

మా బావ కారు దగ్గర మాత్రం ఇది చేతులెత్తేసింది. దాంట్లో స్పీడ్ చక్రాల దగ్గరి ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) సెన్సార్ల నుంచి వస్తుంది, ఏబీఎస్ లైటు వెలుగుతూనే ఉంది, ఈ చవక సామానేమో ఇంజన్ కోడ్లు తప్ప ఏబీఎస్ చదవదు. చివరికి పెద్ద స్కానర్ ఉన్న షెడ్‌కి తీసుకెళ్తే ఎలక కొరికిన వైరు దొరికింది, కోతల టైముకి ఎలకలు కార్లలోకి దూరడం మనకి కొత్తేం కాదుగా. మూడో కారు మా బాబాయ్‌ది, యాప్‌లో స్పీడ్ శుభ్రంగా వస్తోంది ముల్లు లేదు, మీటర్ విప్పి లోపల ఊడిన సోల్డర్ మళ్లీ వేయించాం.

విసుగు పుట్టించేవీ ఉన్నాయి, బ్లూటూత్ అప్పుడప్పుడు తెగిపోతుంది, ఐఫోన్‌కి ఈ రకం కుదరదు, వైఫైదో బ్లూటూత్ ఎల్ఈదో తీసుకోవాలి. సాకెట్‌కి కారు ఆపినా కరెంటు వస్తూనే ఉంటుంది, వాడాక పీకేయండి, లేపోతే కారు చాలా రోజులు కదలకపోతే బ్యాటరీ దిగిపోవచ్చు. మీ కార్లో స్పీడ్ గేర్‌బాక్స్ సెన్సార్ నుంచి వస్తుంటే కొనుక్కోండి, పక్కన మల్టీమీటర్ కూడా ఉండాలి, ఏబీఎస్ నుంచి వచ్చేదైతే ఆ డబ్బులు షెడ్‌లో స్కానింగ్‌కి ఇవ్వడమే నయం.