యాప్‌షీట్: గోడౌన్ లెక్కలకు భేష్, రైతుల దాకా వెళ్లాలంటే కోడ్ రాయించుకోండి

గుంటూరు దగ్గర కోల్డ్ స్టోరేజీ నడిపే మా బంధువులకి మిర్చి టిక్కీల (బస్తాల) లెక్క కోసం యాప్‌షీట్ అనే యాప్‌లు తయారుచేసుకునే టూల్ పెట్టించాను. సీజనంతా వాడాం. లో-కోడ్‌తో (పెద్దగా కోడ్ రాయకుండానే యాప్ చేసుకునే పద్ధతితో) సరిపెట్టుకోవాలా, డెవలపర్‌ని పెట్టి రాయించుకోవాలా అని ఆలోచిస్తున్నవాళ్ల కోసం ఇది.

2020 నుంచి ఇది గూగుల్ చేతిలో ఉంది. గూగుల్ షీట్ ఇస్తే కాలమ్‌లు చూసి ఫారాలు అదే తయారుచేస్తుంది. నాకు బాగా నచ్చింది ఆఫ్‌లైన్. గదుల్లో సిగ్నల్ ఉండదు, అయినా గుమస్తా ఫోన్ కెమెరాతోనే లాటు బార్‌కోడ్ స్కాన్ చేసి, రైతు పేరు, టిక్కీలు ఎన్ని, ఏ గది అన్నది కొట్టి, ఫొటో తీసి సేవ్ చేస్తాడు, బయటికొచ్చి సిగ్నల్ అందగానే అంతా షీట్‌లోకి ఎక్కేస్తుంది. ఇదే పని కోడ్ రాసి చేయించాలంటే మంచి డెవలపర్‌కి కూడా వారాలు పడుతుంది.

ఇక జాగ్రత్త పడాల్సింది. ఒకే వరుసని ఇద్దరు మారిస్తే చివరగా సింక్ అయిందే నిలుస్తుంది. లాటులో 100 టిక్కీలున్నాయనుకోండి, ఒకరు 40 పంపి మిగిలినవి 60 అని, ఇంకొకరు అదే టైమ్‌లో 30 పంపి 70 అని కొడితే, ఈ రెండోది చివర సింక్ అయితే షీట్‌లో 70 మిగులుతుంది, గదిలో ఉండేది 30. అందుకే మిగిలిన సంఖ్యని ఎవరిచేతా దిద్దించకండి, బయటికెళ్లిన ప్రతిసారీ కొత్త వరుస వేయించి లెక్క ఫార్ములాతో తేల్చండి. అలా చేసినా ఉన్నదానికంటే ఎక్కువ సరుకు వదలకుండా ఆపడం కష్టమే, ఆ పనికి పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్ వరుసని లాక్ చేసి (ఒకరు మారుస్తుండగా ఇంకొకరు మార్చకుండా ఆపి) చూసుకోవాలి. నిల్వ సరుకు మీద బ్యాంకులు లోన్లు ఇస్తాయి కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

డబ్బు సంగతి. కోర్ ప్లాన్ మనిషికి నెలకి 10 డాలర్లు. నలుగురైదుగురు స్టాఫ్‌కి ఓకే, రైతులందరికీ లాగిన్ ఇవ్వాలంటే మాత్రం గిట్టుబాటు కాదు. పైగా రేపు వదిలేద్దామనుకుంటే యాప్‌ని కోడ్‌గా బయటికి తీసుకోలేం, మళ్లీ మొదట్నుంచి రాయించాల్సిందే. డేటా మన షీట్‌లోనే ఉంటుంది, అది మాత్రం పెద్ద నిశ్చింత.

లోపలి ఎంట్రీలకి మేం యాప్‌షీట్‌నే ఉంచుతున్నాం. సరుకు విడుదల, రైతు తన బాండ్ (సరుకు నిల్వ రసీదు) చూసుకునే పేజీ జాంగోలో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో) వేరుగా రాయిస్తున్నాం.