నీళ్ల టిన్నుకో సైకిలు, బడికో సైకిలు, ఓఆర్ఆర్‌కో సైకిలు

2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద నూటికి దాదాపు 45 ఇళ్లలో సైకిలుందని తేలింది. ఇంట్లో సైకిలుందా లేదా అనే అడిగారు గానీ, ఎన్ని ఉన్నాయి, దేనికి వాడుతున్నారు అని అడగలేదు. మన వైపు ఒకే వాకిట్లో మూడు రకాలు కనపడటం మామూలే: పెద్దాయన నల్ల సైకిలు, ఆడపిల్ల బడి సైకిలు, కుర్రాడి గేర్ల సైకిలు. మూడూ మంచివే. ఒకదాని పని ఇంకోదానికి పురమాయిస్తేనే ఖర్చు మొదలవుతుంది.

ముందు నల్ల సైకిలు సంగతి. 22 అంగుళాల ఫ్రేము, 28×1½ టైర్లు, రాడ్ బ్రేకులు, నిండు చైన్ కవరు, వెనక ఇనుప క్యారియర్, రెండు కాళ్ల స్టాండు. బరువు ఇరవై కిలోల దాకా ఉంటుంది. ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 స్పోకులు. బరువంతా వెనకే పడుతుందని తెలిసి పెట్టిన లెక్క అది. హీరో అయినా, ఏవన్ అయినా, పాత అట్లాస్ అయినా చాలా పార్టులు ఒకదానివి ఇంకోదానికి సరిపోతాయి. అట్లాస్ వాళ్ల సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజే మూతపడింది. అయినా ఆ సైకిళ్లు ఇంకా తిరుగుతున్నాయంటే కారణం ఇదే. మండల కేంద్రంలో ఏ సైకిల్ షాపుకెళ్లినా చక్రం ఇరుసు కోన్లు, బేరింగు గోళీలు, పెడల్ కడ్డీని (క్రాంకు) ఇరుసుకు బిగించి ఉంచే కాటర్ పిన్నులు దొరుకుతాయి.

దీని అసలు పని మోత. వాటర్ ప్లాంటు నుంచి 20 లీటర్ల టిన్ను తేవాలంటే దీన్ని మించింది లేదు. ఒక్క టిన్నయితే క్యారియర్ మీద పెట్టి, పాత ట్యూబు కోసిన రబ్బరుతో రెండు చుట్లు బిగించి కట్టాలి. టిన్ను సీటుకు ఆనుకునే ఉండాలి. వెనక్కి జరిగితే ముందు చక్రం తేలికై హ్యాండిల్ ఊగుతుంది. రెండు టిన్నులైతే క్యారియర్‌కు అటూ ఇటూ ఇనుప కొక్కేలు తగిలించుకోవడం మేలు, బరువు కిందికి దిగుతుంది. ఎక్కించేటప్పుడు రెండు వైపులా ఒకేసారి ఎక్కించలేం కాబట్టి, మొదటి టిన్ను తగిలించాక రెండోది తెచ్చేదాకా ఎవరైనా సీటు పట్టుకోవాలి, లేదా సైకిల్ని గోడకు ఆనించాలి. స్టాండు మీదుంది కదా అని వదిలేస్తే హ్యాండిల్ గిర్రున తిరిగి టిన్నుతో సహా పక్కకు పడుతుంది.

గ్యాస్ బండ అయితే ఇంకాస్త జాగ్రత్త. లోపలి గ్యాసు 14.2 కిలోలే అయినా బండతో కలిపి ముప్పై దాకా తూగుతుంది. ఇలాంటి మోతలతో ముందుగా వదులయ్యేది క్యారియర్ కాళ్ల నట్లు. నెలకోసారి పానా పట్టి చూసుకుంటే చాలు. చూడకపోతే బోల్టు తెగి క్యారియర్ మడ్‌గార్డు మీద కూలబడుతుంది.

తొక్కడం ఎలా ఉంటుందంటే, పళ్లచక్రానికి 44 పళ్లు, వెనక ఫ్రీవీల్‌కు 18 పళ్లు ఉన్న సైకిల్లో పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి సుమారు ఐదున్నర మీటర్లు పోతుంది. చదునైన రోడ్డు మీద హాయిగా ఉంటుంది. ఫ్లైఓవర్ ఎక్కాలంటే మాత్రం దిగి నడిపించుకోవాల్సిందే.

దీని బలహీనతలు రెండు. ఒకటి వానలో బ్రేకులు. రాడ్ బ్రేకు రబ్బర్లు ఇనుప రిమ్ముకు లోపలి వైపు పట్టుకుంటాయి. రిమ్ము తడిస్తే జారుడే. వానాకాలం పది గజాల ముందు నుంచే మెల్లగా నొక్కుతూ, ముందు నీళ్లు తుడుచుకుపోయేలా చేసి, తర్వాత గట్టిగా పట్టాలి. రిమ్ముకు సొట్ట పడినా, చక్రం బెండు పోయినా ఒక చోట పట్టి ఇంకో చోట వదులుతుంది. అప్పుడు రబ్బర్లు మార్చి లాభం లేదు, బెండు తీయించాలి.

రెండోది కాటర్ పిన్ను. పెడల్ ఒక్కో చుట్టుకు ఒకసారి ‘టక్’ మంటూ కాలి కింద కదిలినట్టు అనిపిస్తే అనుమానం దీని మీదే. చాలామంది నట్టు బిగించి ఊరుకుంటారు. నట్టు పిన్నును లాగడానికి కాదు, వెనక్కి రాకుండా ఆపడానికి. క్రాంకు కింద గట్టి ఇనుపముక్క ఆనించి, పిన్నును సుత్తితో దిగగొట్టి, ఆ తర్వాతే నట్టు బిగించాలి. కింద ఆధారం లేకుండా కొడితే దెబ్బంతా లోపలి గోళీల మీద పడి, అవి కూర్చునే కప్పులు చెడతాయి. రెండు పిన్నులూ ఎదురెదురు దిక్కుల్లో ఉండాలి, ఒకే వైపు నుంచి దూరిస్తే రెండు పెడళ్లు ఒక గీతలో నిలవవు. పిన్ను చదును భాగంలో గాడి పడితే ఇక బిగించకండి, కొత్తది వేయండి.

గాలి దిగిందనగానే పంచరనుకోవద్దు. ముందు వాల్వు మీద కాస్త ఉమ్మి రాసి చూడండి. బుడగ వస్తే లోపలి వాల్‌ట్యూబు (చిన్న రబ్బరు గొట్టం) ఎండిపోయినట్టే, కొద్దిపాటి రూపాయల్లో పని అయిపోతుంది.

ఇక బడి సైకిలు. అడ్డరాడ్ లేనిది, 26×1⅜ టైర్లు, ముందు బుట్ట. లేడీ బర్డ్ తరహావి, ఆంధ్రప్రదేశ్‌లో ‘బడికొస్తా’ పథకం కింద హైస్కూలు ఆడపిల్లలకు ఇచ్చిన తరహావీ ఇవే. పుస్తకాల సంచి, కూరగాయలు, చెల్లెలు... అంతవరకే. దీని మీద నీళ్ల టిన్ను పెడితే వెనక చక్రం స్పోకులు ఒక్కొక్కటే తెగుతాయి, అదీ ఎక్కువగా ఫ్రీవీల్ వైపు. ఆ వైపు స్పోకు మార్చాలంటే ఫ్రీవీల్ ఊడదీయాలి, అందుకే మెకానిక్ విసుక్కుంటాడు. సీటు ఎత్తు మాత్రం ఏటా సరిచేయండి: మడమ పెడల్ మీద పెట్టి కిందికి దించితే కాలు నిటారుగా రావాలి. పిల్ల ఎదుగుతున్నా సీటు కొన్నరోజు ఎత్తులోనే ఉండటం ప్రతి బడి ముందూ కనిపిస్తుంది.

మూడోది గేర్లది. ఇందులో రెండు జాతులు. లావు గుండ్ల టైర్లు, ముందు షాకబ్జర్లు, డిస్కు బ్రేకులతో షోరూములో కుర్రాళ్లను పిలిచేది ఒకటి. తారు రోడ్డు మీద తిరిగేవాళ్లకు అది దండగ అని నా అభిప్రాయం. చవక షాకబ్జరు లోపల ఉండేది స్ప్రింగే, బరువు పెంచి తొక్కుడు బలాన్ని మింగేస్తుంది. డిస్కు పళ్లెం అపార్ట్‌మెంట్ పార్కింగులో పక్క బండి తగిలితే వంగి, ‘సర్ సర్’ మని రాసుకుంటూనే ఉంటుంది. మడ్‌గార్డు, స్టాండు, క్యారియర్ విడిగా కొనాలి. సీటు గొట్టానికి బిగించే క్యారియర్ మీద పది కిలోలు మించి పెట్టకండి.

రెండోది 700×35 టైర్ల హైబ్రిడ్, అంటే రోడ్డు సైకిలుకూ లావు టైర్ల సైకిలుకూ మధ్య రకం. ఆఫీసుకూ వ్యాయామానికీ ఇది తీసుకోండి. ముందు 42, 34, 24 పళ్ల మూడు చక్రాలు, వెనక 14 నుంచి 28 పళ్ల దాకా ఉంటే, పెడల్ ఒక చుట్టుకు అన్నిటికన్నా తక్కువ గేరులో రెండు మీటర్ల లోపు, ఎక్కువ గేరులో ఆరు మీటర్ల పైన పోతుంది. ఫ్లైఓవర్ సీటు మీద కూర్చునే ఎక్కొచ్చు. హైదరాబాద్‌లో ఓఆర్ఆర్ (అవుటర్ రింగ్ రోడ్డు) పక్కన 2023 అక్టోబరు 1న తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ లాంటి చోట ఈ సైకిలు విలువ తెలుస్తుంది. పడేటప్పుడు కుడివైపు పడనివ్వకండి. వెనక గేరు వేలాడే చిన్న ముక్క వంగితే గేర్లు వాటంతట అవే దూకుతాయి, వైరు ఎంత బిగించినా కుదరదు.

మోత ఉన్న ఇంటికి నల్లది, తిరుగుడు ఉన్న ఇంటికి హైబ్రిడ్. బడిపిల్ల ఉంటే బడి సైకిలు. ఇంతకు మించితే పార్కింగులో గాలి దిగిపోయి నిలబడటానికే.

మూడూ ఉన్నవాళ్లు ట్యూబు, టైరు కొనేటప్పుడు ‘ఇరవై ఎనిమిది ఇవ్వు’, ‘ఇరవై ఆరు ఇవ్వు’ అని అడిగి తెచ్చుకోకండి. నల్ల సైకిలు రిమ్ము 635 మిల్లీమీటర్లు, హైబ్రిడ్‌ది 622. రెంటినీ 28 అనే పిలుస్తారు, ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు. బడి సైకిలు 26 రిమ్ము 590, లావు టైర్ల 26 రిమ్ము 559. పాత టైరు పక్కన 37-590 లాంటి అంకె ఉంటుంది, దాన్ని ఫోన్లో ఫొటో తీసుకుని షాపుకెళ్లండి. బైకు వాల్వు ఉన్న ట్యూబుకు పంచరు షాపు కంప్రెసర్‌తో గాలి కొట్టిస్తే, ఒక్కసారి నొక్కి వదలమని చెప్పి వేలితో చూసుకోండి. సైకిల్ ట్యూబు క్షణాల్లో నిండి ఢామ్మంటుంది.