టీఐ-30 కాలిక్యులేటర్ కోసం నెల్లూరు: లాడ్జికి సున్నా, మెకానిక్‌కి నూరు

నెల్లూరులో గది తీసుకునేవాళ్ళు బ్యాగు దించకముందే చెకౌట్ ఎన్నింటికో అడిగి రసీదు మీద రాయించుకోండి. మేం దిగిన లాడ్జి బయట ‘24 గంటల చెకౌట్’ అని బారెడు అక్షరాలతో బోర్డు ఉంది. ఏసీ గది ₹1,600. సాయంత్రం నాలుగింటికి దిగితే, మర్నాడు పన్నెండున్నరకే ఫోను. “ఆన్‌లైన్ బుకింగ్‌కి పన్నెండు గంటలకే సార్. సగం రోజు అద్దె కట్టాల.” అంటే ఇంకో ₹800! బోర్డు సంగతేంటయ్యా అంటే, అది నేరుగా వచ్చినోళ్ళకట. గీజరు పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకే. ఏసీ రిమోట్‌కి ₹200 డిపాజిట్ తీసుకున్నారు, తీరా చూస్తే అందులో బ్యాటరీలు లేవు. మా బావ గొంతు పోయేదాకా అరిచి ఆ ₹800ని ₹400కి దించాడు.

మైపాడు బీచ్, పెన్న ఒడ్డున రంగనాయకస్వామి గుడి చూశాం, రెండూ బాగున్నాయి.

అసలు వెళ్ళింది కాలిక్యులేటర్ కోసం. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళు 1976లో తెచ్చిన టీఐ-30, ఎర్రటి అంకెలు వెలిగే సైంటిఫిక్ రకం. 1972లో హ్యూలెట్-ప్యాకర్డ్ వాళ్ళు తెచ్చిన కాలిక్యులేటర్ హెచ్‌పీ-35 ఖరీదు 395 డాలర్లయితే, ఇది 25 డాలర్ల లోపే దొరికింది. మామూలు కాలేజీ కుర్రాడి చేతికి సైన్లు, లాగ్‌లు అందించిన యంత్రం ఇది. “ఫోన్‌లో ఉన్నదానికి గుంటూరు నుంచి నెల్లూరా?” అని బావ దారంతా సణిగాడు. ఆయన వచ్చింది చేపల పులుసు కోసం.

దర్గామిట్టలో అమ్మే ఆయన ₹3,000 చెప్పి, ₹1,000 ముందే ఫోన్‌పేలో వేయించుకున్నాడు. పంపిన వీడియోలో ఎనిమిదులు ధగధగా వెలిగాయి. తీరా ఆయన ఇంటికెళ్ళి కొత్త బ్యాటరీ వేస్తే చుక్క కూడా వెలగలేదు. “రాత్రి దాకా పనిచేసింది సామీ” అన్నాడు. అడ్వాన్సు మాత్రం తిరిగివ్వనన్నాడు. ఆ వెయ్యి వదులుకోవడం ఇష్టం లేక, బేరమాడి ఇంకో ₹1,200 ఇచ్చి తెచ్చుకున్నాను.

ట్రంకు రోడ్డు పక్క సందులో ఒక ముసలాయన పాత రేడియోలు బాగుచేస్తాడు. మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర 9.4 వోల్టులు, లోపలి సర్క్యూట్ బోర్డు దగ్గర సున్నా. “బ్యాటరీ బాగానే ఉండాది సామీ, కరెంటు లోపలికి పోవటంలా.” బ్యాటరీ నుంచి బోర్డుకి వెళ్ళే వైరు పైకి నిగనిగలాడుతోంది. తొడుగు గీకితే లోపల రాగి పచ్చగా పొడిపొడి అయిపోయింది. ఎప్పుడో బ్యాటరీ కారి, ఆ చిలుము వైరు లోపలికంటా పాకింది.

బ్యాటరీ తలకి తగిలించే కొత్త క్లిప్పు ఆయన దగ్గర లేదు. చచ్చిన తొమ్మిది వోల్టుల బ్యాటరీ తల ఊడదీసి దానికే వైర్లు అతికాడు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారట. ఆ తల ఇప్పుడు ఇంకో బ్యాటరీకి ఎదురుగా కూర్చుంటుంది కాబట్టి ప్లస్, మైనస్ తారుమారవుతాయి. ఎర్ర వైరు పెద్ద బొడిపెకి వెళ్ళాలి. ఉల్టా అతికితే చిప్ పోవచ్చు. అతికాక కూడా మీటరుతో చూసిగానీ బోర్డుకి కలపలేదు.

సున్నా వెలిగింది! కానీ 5 నొక్కితే 55 పడుతోంది. ఈ మోడల్‌కి ఇది పాత జబ్బే, మీటల కింద లోహపు బిళ్ళలు మురికిపడితే ఒక్క నొక్కు రెండుగా తగులుతుంది. అంచుల్లోంచి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కలు వేసి, ఒక్కో మీటనీ ఓపిగ్గా నొక్కుతూ కూర్చున్నాడు. 5 కుదిరింది. 8 మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడూ రెండు పడుతుంది. మొత్తం ₹150. ₹300 ఇస్తే సగం వెనక్కిచ్చాడు.

ఆ పక్కనే మెస్‌లో బొమ్మిడాయిల పులుసుతో భోజనం ₹240. మామిడికాయ ముక్క పులుసులో నాని మెత్తబడిపోయింది, చేప ముక్కలు మాత్రం చెదరలేదు. బావ రెండోసారి పులుసు పోయించుకుని, అప్పుడు కాలిక్యులేటర్ అడిగి తీసుకుని ఇద్దరి ఖర్చూ దానిమీదే కూడాడు. లాడ్జి ₹400 దగ్గర మళ్ళీ తిట్టాడు.

ఇలాంటివి కొనేవాళ్ళు వీడియోని నమ్మొద్దు. మీ బ్యాటరీ మీరే పట్టుకెళ్ళండి. చవక రకం వద్దు, ఎర్ర అంకెలు కరెంటు బాగా తాగుతాయి, ఆల్కలైన్‌దే కావాలి. ఎనిమిది ఎనిమిదులు కొట్టి గీతలన్నీ వెలుగుతున్నాయో చూడండి, ప్రతి మీటా విడిగా నొక్కండి. డిగ్రీల్లో ఉంచి సైన్ 30 అడిగితే కాసేపు ఆలోచించి 0.5 చెప్పాలి. అప్పటిదాకా అడ్వాన్సు రూపాయి కూడా పంపొద్దు. ముసలాయన కొట్టు పదకొండుకి తెరుస్తాడు, మధ్యాహ్నం ఒంటిగంటకి షట్టరు దించేస్తాడు.