గ్లూటాథయోన్ డ్రిప్పా, ఎన్ఏసీ మాత్రా: ఏది మేలు?

బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే మనవాళ్లలో పెళ్లి కుదిరితే చాలు, "తెల్లబడటానికి గ్లూటా డ్రిప్ పెట్టించుకోనా?" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. అదే వీధిలో మెడికల్ షాపులో నీళ్లలో వేస్తే బుసబుస పొంగే ఎన్ఏసీ (ఎన్-ఎసిటైల్ సిస్టీన్) 600 మాత్ర ఉంటుంది, దాన్ని అడిగేవాళ్లు తక్కువ. నన్నడిగితే డ్రిప్ వద్దే వద్దు.

గ్లూటాథయోన్ మన కణాలు సొంతంగా చేసుకునేదే. గ్లుటమేట్, సిస్టీన్, గ్లైసిన్ అనే మూడు అమైనో ఆమ్లాలు కలిస్తే అది తయారవుతుంది. వీటిలో గంధకం ఉన్నది సిస్టీన్‌లోనే, సాధారణంగా కొరత వచ్చేదీ దానికే. మాత్రగా మింగిన గ్లూటాథయోన్ చాలావరకు పేగుల్లోనే ముక్కలైపోతుంది, కాబట్టి అంత డబ్బు పోసి కొన్నది చివరికి ఆ అమైనో ఆమ్లాలే. ఎన్ఏసీ అలా కాదు, అది ఎసిటైల్ తగిలించిన సిస్టీన్. వండిన కూర పంపే బదులు ఇంట్లో అయిపోయిన సరుకు పంపినట్టు.

డ్రిప్‌కి పేగుల బెడద లేదు, నిజమే. కానీ రక్తంలో నిమిషాల్లోనే తగ్గిపోతుంది, తెల్లబడతారనడానికి గట్టి రుజువూ లేదు. ఫిలిప్పీన్స్ ఔషధ నియంత్రణ సంస్థ అయితే చర్మం తెల్లబడటానికి ఈ ఇంజెక్షన్ వాడొద్దని హెచ్చరించింది కూడా.

ఎన్ఏసీ సత్తా తెలియాలంటే పారాసిటమాల్ సంగతి చూడాలి. జ్వరం తగ్గలేదని డోలో మీద డోలో వేసేసుకుంటాం కదా (అదీ మన బెంగళూరు కంపెనీదే), ఆ మందు లివర్‌లో కొంత ఎన్ఏపీక్యూఐ అనే విషంగా మారుతుంది, మామూలు డోసులో గ్లూటాథయోన్ దాన్ని పట్టి బయటికి పంపేస్తుంది, డోసు మరీ మించితే గ్లూటాథయోన్ నిల్వ అయిపోయి లివర్ దెబ్బతింటుంది. అప్పుడు ఆ నిల్వ నింపే విరుగుడు ఎన్ఏసీ. డోసు మించి మింగిన 8 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది, మొదటి రోజు పెద్దగా ఏమీ అనిపించకపోవచ్చు కాబట్టి ఆగి చూడకూడదు. ఇది ఆసుపత్రి పని, ఇంట్లో పొంగే మాత్రతో అయ్యేది కాదు.

కఫం పల్చబరచడానికైతే ఎన్ఏసీకి అమెరికాలో 1963లోనే అనుమతి వచ్చింది. కఫంలోని గంధకపు బంధాలను తెంచుతుంది. మాత్రకొచ్చే కుళ్లిన గుడ్డు వాసన అందులోని గంధకం వల్లే, మాత్ర పాడైందని పారేయకండి.

అలాగని సర్వరోగ నివారిణీ కాదు. ఊపిరితిత్తులు గట్టిపడే ఐపీఎఫ్ జబ్బులో 2014లో, యాంజియోగ్రామ్ రంగుమందు నుంచి కిడ్నీల్ని కాపాడటంలో 2018లో వచ్చిన పెద్ద పరీక్షల్లో ఉపయోగం కనపడలేదు. ఆస్తమా ఉన్నవాళ్లూ, గుండెకి నైట్రోగ్లిజరిన్ వాడేవాళ్లూ డాక్టర్‌ని అడక్కుండా దీని జోలికి పోవద్దు.