ప్లాస్టిక్ డబ్బా అతుకు: లేజరా, అల్ట్రాసోనిక్కా, వైబ్రేషనా?

కార్లలో సెన్సర్లకు వాడే నల్ల నైలాన్ డబ్బా ఒకటి తీసుకుందాం. లోపల సర్క్యూట్ బోర్డు, పైన మూత. మూసేశాక నీళ్లు దూరకూడదు, ఇంజిన్ వేడికీ కుదుపులకూ అతుకు వీడకూడదు.

ముందు బలం సంగతి. ఏ పద్ధతిలోనైనా జరిగేది ఒకటే: రెండు అంచులూ కరిగి, ఒకదాని పొడవాటి అణువులు ఇంకోదానిలోకి చొచ్చుకుపోయి, చల్లారి గట్టిపడతాయి. గ్లాస్ ఫైబర్ కలిపిన నైలాన్‌తో చిక్కు ఇక్కడే. 30 శాతం గ్లాస్ ఉన్న నైలాన్ 6 పొడిగా ఉన్నప్పుడు సుమారు 170–180 మెగాపాస్కల్ (బలాన్ని కొలిచే యూనిట్) వరకు లాగుడు తట్టుకుంటుంది. కానీ ఫైబర్లు అతుకును దాటి అవతలి ముక్కలోకి పెద్దగా వెళ్లవు. అందుకే అతుకు బలం గ్లాస్ లేని నైలాన్ స్థాయిలో, 80 చుట్టుపక్కల ఆగిపోతుంది. డేటాషీట్‌లో 180 చూసి గోడ మందం లెక్కేస్తే కొంప మునిగినట్టే. అతుకు దగ్గర గోడ లావుగా పెట్టుకోవాలి. లేజర్ కొన్నంత మాత్రాన ఈ బాధ తప్పదు.

వైబ్రేషన్‌లో ముక్కలు సెకనుకు 100–240 సార్లు ఒకదానితో ఒకటి ఒరుసుకుని కరుగుతాయి. అంచులు కాస్త వంకరగా ఉన్నా సర్దేస్తుంది. ఇంజిన్‌లోకి గాలి పంపే ఇన్‌టేక్ మానిఫోల్డ్ లాంటి పెద్ద భాగాలకు నా ఓటు దీనికే. కాకపోతే పొట్టు రాలుతుంది, కుదుపు బోర్డు దాకా పోతుంది.

అల్ట్రాసోనిక్ అంటే చెవికి వినపడనంత వేగంగా కంపించే పనిముట్టును నొక్కి కరిగించడం. ఇది చవక, చాలా భాగాలకు సెకను లోపే పని అయిపోతుంది. ఫోన్ చార్జర్ డబ్బాకు ఇంతకన్నా ఏం కావాలి? నైలాన్ దగ్గర మాత్రం దాని పప్పులు అంతగా ఉడకవు. తేమ పీల్చిన నైలాన్ అయితే అతుకులో బుడగలు వస్తాయి. బోర్డు మీది సన్నని తీగలకూ ప్రమాదమే.

లేజర్‌లో పై ముక్క కాంతిని దాటనివ్వాలి, కింది ముక్క దాన్ని పీల్చుకుని వేడెక్కాలి. కింది దానిలో కొద్దిపాటి కార్బన్ బ్లాక్ (మసి లాంటి నల్ల పొడి) చాలు. మూత కూడా నల్లగానే కావాలంటే, కంటికి నల్లగా కనిపిస్తూ ఇన్‌ఫ్రారెడ్‌ను వదిలే రంగులు ఉన్నాయి. కుదుపు లేదు, పొట్టు లేదు. అయితే లేజర్‌కు సందు గిట్టదు: ముక్కల మధ్య 0.1 మిల్లీమీటరు ఖాళీ ఉన్నా వేడి అవతలికి సరిగా అందదు. పవర్ పెంచుకుంటూ పోతే బలం కొంతదాకా పెరిగి, తర్వాత ప్లాస్టిక్ మాడి మళ్లీ తగ్గిపోతుంది. పీబీటీ అనే ఇంకో రకం ప్లాస్టిక్ మూత అయితే ఇంకో టెన్షన్, అది కాంతిని చెదరగొడుతుంది. దానికి లేజర్ కోసం చేసిన గ్రేడ్ అడిగి తీసుకోవడం మంచిది.

మన సెన్సర్ డబ్బాకు నేను లేజర్‌నే తీసుకుంటాను. అందులోనూ అద్దాలతో కిరణాన్ని అతుకు చుట్టూ వేగంగా పదే పదే తిప్పే రకం. మొత్తం గీత ఒకేసారి మెత్తబడి, బిగింపు ఒత్తిడికి కిందికి దిగుతుంది కాబట్టి చిన్న సందులు పూడుకుంటాయి.

సప్లయర్ చూపించే ల్యాప్ షియర్ (ఒకదానిపై ఒకటి అతికించిన ముక్కలను చెరో వైపుకు లాగే పరీక్ష) నంబర్ ఒక్కదానితో సరిపెట్టుకోకండి. మూత లోపలి ఒత్తిడికి పైకి లేస్తుంది, ఆ పరీక్షలో ముక్కలు పక్కకు జారతాయి. వేడి, చలి మార్చి మార్చి పెట్టిన డబ్బాల్లోకి గాలి ఎక్కించి, ఎంత ఒత్తిడికి, ఎక్కడ పగిలాయో అడగండి.